పంగాసియస్ తోలు నుంచి కొల్లాజెన్: దిగుబడి 21 శాతం వచ్చింది, డీఎస్‌సీలో శిఖరం మాత్రం రాలేదు

నీచువాసన_23
ఎమ్మెస్సీ చివరి సెమిస్టరు ప్రాజెక్టు కోసం పంగాసియస్ చేప తోలు నుంచి ఆమ్లంలో కరిగే కొల్లాజెన్‌ను, అంటే తోలుకు గట్టిదనం ఇచ్చే ప్రోటీన్‌ను, తీశాను. హోటళ్లకు బోన్‌లెస్ ముక్కలు కోసి ఇచ్చే దుకాణంలో 100 గ్రాముల తోలు అడిగి తెచ్చుకుని, గోరంత ముక్కలుగా కత్తిరించి, కొల్లాజెన్ కాని ప్రోటీన్లు పోవడానికి ఒకటికి పది పాళ్ల లెక్కన 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో రెండు రోజులు నానబెట్టాను. కడిగిన నీరు తటస్థానికి వచ్చిన తర్వాత, కొవ్వు తీయడానికి 10 శాతం బ్యుటనాల్‌లో ఒక రోజు, ఆపైన 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో మూడు రోజులు ఉంచాను. వడకట్టిన ద్రావణంలో 0.9 మోలార్‌కు చేరేలా ఉప్పు కలిపి, విడిపడినదాన్ని సెంట్రిఫ్యూజ్‌లో దించి, మళ్లీ ఆమ్లంలో కరిగించి ఫ్రీజ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టాను. 21 గ్రాముల తెల్లటి పొడి వచ్చింది. గైడు గారు సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఆ సంతోషం వారం రోజులే నిలిచింది. వేడి పెంచుతూ కొల్లాజెన్ ఏ డిగ్రీ దగ్గర విడిపోతుందో చూడటానికి బయటి సంస్థలో చేయించిన డీఎస్‌సీలో 30, 40 డిగ్రీల మధ్య కనిపించవలసిన శిఖరం కనిపించలేదు. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే ఎస్‌డీఎస్ పేజ్‌లో పట్టీలు విడివిడిగా రాకుండా పైనుంచి కింది దాకా మసి పూసినట్టుగా వచ్చింది. ఎక్కువగా కొల్లాజెన్‌లోనే ఉండే అమైనో ఆమ్లం హైడ్రాక్సీప్రోలిన్ లెక్క కడితే పొడిలో కొల్లాజెన్ 26 శాతమే ఉన్నట్టు తేలింది. పరారుణ కిరణాలతో అణువుల బంధాలను చూసే ఎఫ్‌టీఐఆర్‌లో మాత్రం ప్రోటీన్ గుర్తులైన అమైడ్ పట్టీలన్నీ ఉండవలసిన చోటే ఉన్నాయి. మిగిలిన మూడూ నా చేతి పొరపాట్లని భావించి, ఎఫ్‌టీఐఆర్‌ను నమ్ముకుని థీసిస్ రాసేయవచ్చా?

బెంచి_నంబర్_7
డీఎస్‌సీలో శిఖరం రాలేదంటే ఏ జిల్లా, ఎన్ని పోస్టులు అని అడగబోయాను. ఇక్కడ చేపలకు కూడా డీఎస్‌సీ పెడుతున్నారని ఇప్పుడే తెలిసింది.

తర్నాక_తాతయ్య
మిగిలిన వాటి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 21 దగ్గరే ఆగాలి. పచ్చి చేప తోలులో సగానికి పైగా నీరే ఉంటుంది. పంగాసియస్ కొవ్వు చేప కనుక మిగిలినదానిలో కొవ్వు వాటా తక్కువేమీ కాదు. పైగా ఆమ్లం ఒక్కదానితోనే తోలులోని కొల్లాజెన్ అంతా కరిగి రాదు. పచ్చి తూకం మీద 5 శాతం ప్రాంతంలో వస్తే మంచి పని చేసినట్టే లెక్క. 21 వచ్చిందంటే మీ పొడిలో కొల్లాజెన్ కానిది ఏదో కూర్చుని తూగుతోంది.

మూడు సంగతులు చెప్పండమ్మా. డయాలిసిస్, అంటే ద్రావణాన్ని పొర గొట్టంలో పోసి చిన్న అణువులను బయటి నీటిలోకి వదిలించడం, ఎన్ని రోజులు చేశారు? మొదటి నుంచి చివరి వరకు ఎంత చల్లదనంలో ఉంచారు? డీఎస్‌సీకి పంపింది పొడినా, తడిపిన నమూనానా? మీ వివరణలో డయాలిసిస్ అన్న మాటే లేదు. రాయడం మరిచారో, చేయడం మరిచారో నాకు అర్థం కాలేదు.

నీచువాసన_23
చేయలేదండీ. డయాలిసిస్ గొట్టం విభాగంలో అయిపోయింది, కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. కరిగించిన ద్రావణాన్ని అలాగే ఫ్రీజ్ డ్రయ్యర్‌కు ఇచ్చేశాను. చల్లదనం విషయానికి వస్తే, అన్ని మెట్లూ 4 డిగ్రీల ఫ్రిజ్‌లోనే జరిగాయి, కాకపోతే అందరి భోజనం డబ్బాలూ అందులోనే ఉంటాయి కనుక తలుపు తెరుస్తూనే ఉంటారు. డీఎస్‌సీకి పొడినే పంపాను.

కొల్లేటి_కొంగ
అయితే లెక్క సులువు. ఆమ్లంలో మళ్లీ కరిగించే ముందు ముద్ద సుమారు ఎన్ని మిల్లీలీటర్లు ఉంది?

నీచువాసన_23
మా సెంట్రిఫ్యూజ్ 4,000 ఆర్‌పీఎం దాటదు. ముద్ద గట్టిగా అడుగంటకుండా వదులుగా, తడితడిగా 250 మిల్లీలీటర్ల దాకా ఉండింది.

కొల్లేటి_కొంగ
0.9 మోలార్ అంటే లీటరుకు 52.6 గ్రాముల ఉప్పు. మీ 250 మిల్లీలీటర్ల ముద్దలో దాదాపు 13 గ్రాములు ఇరుక్కుని ఉంటుంది. ఫ్రీజ్ డ్రయ్యర్ నీటినీ, చాలావరకు ఎసిటిక్ ఆమ్లాన్నీ తీసుకుపోతుంది గాని ఉప్పును తీసుకుపోదు. 21లో 13 తీసేస్తే 8 మిగులుతుంది.

మీ హైడ్రాక్సీప్రోలిన్ పరీక్షను తప్పని కొట్టేయకండి, నిజం చెప్పింది అదొక్కటే. మీరు హైడ్రాక్సీప్రోలిన్‌ను 7.46తో గుణించి కొల్లాజెన్ లెక్క కట్టి ఉంటారు. అది ఆవు, పంది వంటి క్షీరదాల కొల్లాజెన్‌కు సరిపోయే గుణకం. చేపల కొల్లాజెన్‌లో హైడ్రాక్సీప్రోలిన్ తక్కువగా ఉంటుంది కనుక గుణకం అంతకన్నా పెద్దది కావాలి. 11తో గుణించి చూడండి, 38 శాతం వస్తుంది. 21 గ్రాములలో 38 శాతం అంటే అదే 8 గ్రాములు. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

నీచువాసన_23
మీ సందేశం చదివి ఒక గ్రాము పొడిని మఫుల్ ఫర్నేసులో 550 డిగ్రీల దగ్గర బూడిద చేశాను. 0.61 గ్రాములు మిగిలింది. నీటిలో కలిపి ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే పాలలా తెల్లబడింది. నేను తీసింది కొల్లాజెన్ కలిసిన ఉప్పు.

పులుసు_ప్రియ
ఆ పొడితో ఎండు చేప కూర వండుకోవచ్చు, ఉప్పు విడిగా వేయనవసరం లేదు. నాకు అసలు సందేహం వేరే ఉంది. తోలు ఒలిచిన చేపను ఎవరు తింటారు? శీలావతికి పొలుసు తీస్తాం గాని తోలు తీయం. తోలు లేకపోతే ముక్క పులుసులో నిలవదు.

ఆకివీడు_చెరువు
పులుసు ప్రియ గారి మాట సరదాకు అన్నదైనా వ్యాపారంలో అదే అసలు చిక్కు. మా ప్రాంతపు బొచ్చె, శీలావతి చేపలు ఐసులో పేర్చి కోల్‌కతాకూ, అస్సాముకూ లారీల్లో నిండు చేపలుగానే పోతాయి. అక్కడి వారూ తోలుతోనే తింటారు. తోలు విడిగా దొరికేది హోటళ్లు బోన్‌లెస్ అడిగే పంగాసియస్, కొర్రమీను వంటి వాటి దగ్గరే. మా వైపు పంగాసియస్‌ను ఫంగస్ అంటారు. ఆ పేరు విని మొదటిసారి కొనేవారు ఒకటికి రెండుసార్లు వాసన చూస్తారు.

చెరువుల వాళ్లం ఒక పది మందిమి కలిసి తోలు సేకరించి కొల్లాజెన్ తీసే యూనిట్ పెడితే గిట్టుబాటు అవుతుందా? మందుల దుకాణాల్లో చిన్న డబ్బా ధర చూస్తే కళ్లు తిరుగుతున్నాయి.

తర్నాక_తాతయ్య
ఆకివీడు గారూ, ఆ డబ్బాల్లో ఉండేది ఈ అమ్మాయి తీయబోయే వస్తువు కాదు. అవి ఎంజైముతో చిన్న చిన్న తునకలుగా నరికిన పెప్టైడ్లు. కొల్లాజెన్ అణువు దాదాపు మూడు లక్షల డాల్టన్ల బరువుండే మూడు పేటల తాడు, అవి కొన్ని వేల డాల్టన్ల ముక్కలు. పెప్టైడ్లు తయారు చేసేవారికి పేటలు విడిపోయినా బాధ లేదు, వేడి నీటిలో ఉడికించి ఎంజైము వేయవచ్చు. చెక్కుచెదరని కొల్లాజెన్ కావలసింది గాయాల పట్టీలు, కణాలు పెంచే పొరలు తయారు చేసేవారికి. అక్కడ ధర ఎక్కువే, కాని గిరాకీ గ్రాముల్లో ఉంటుంది, పరీక్షలు కొండంత ఉంటాయి. మీ పది మందిలో ఎవరికైనా ఏడాది పొడవునా 4 డిగ్రీల గది నడిపే ఓపిక ఉందా అన్నది మొదటి ప్రశ్న.

బెంచి_నంబర్_7
బ్రెజిల్‌లో తిలాపియా తోలును శుద్ధి చేసి కాలిన గాయాల మీద నేరుగా కప్పారు కదా, ఫోర్టలేజా నగరంలో. అక్కడ కొల్లాజెన్‌ను బయటికి తీయను కూడా తీయలేదు.

తర్నాక_తాతయ్య
అది తోలును తోలుగా వాడటం, మంచి ఆలోచనే. మన విషయం వేరు కనుక దానిని అక్కడే ఉంచుదాం. ఉప్పు దొరికింది గాని శిఖరం ఎందుకు లేదన్నది ఇంకా తేలలేదు.

కొల్లేటి_కొంగ
పొడి పంపారు కనుకనే రాలేదని నా అనుమానం. పొడి కొల్లాజెన్ పేటలు విడిపోవడానికి చాలా ఎక్కువ వేడి కావాలి, 30, 40 డిగ్రీల దగ్గర ఏమీ జరగదు. పలుచని ఎసిటిక్ ఆమ్లంలో ఒకటికి నలభై పాళ్లలో కలిపి, 4 డిగ్రీల దగ్గర రెండు రోజులు నానిన తర్వాతే డీఎస్‌సీలో పెట్టాలి. ఉప్పు తీసేసి, తడిపి మళ్లీ పంపండి.

గిండీ_తోళ్లు
నేను అంగీకరించను. డీఎస్‌సీ లోపం తడిపితే పోవచ్చు, ఎస్‌డీఎస్ పేజ్‌లో మసి సంగతి ఏమిటి? మొదటి రకం కొల్లాజెన్ అయితే ఆల్ఫా ఒకటి, ఆల్ఫా రెండు అనే గొలుసుల పట్టీలు దగ్గర దగ్గరగా, మొదటిది రెండో దానికి రెట్టింపు ముదురుగా, వాటికి పైన జంటగా అతుక్కున్న బీటా పట్టీ స్పష్టంగా కనిపించాలి. మసి వచ్చిందంటే గొలుసులు ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. ఇది జెలటిన్, అంటే వేడికి పేటలు విడిపోయిన కొల్లాజెన్ లక్షణం.

ఎఫ్‌టీఐఆర్ ఈ తేడాను సులువుగా చెప్పదు. జెలటిన్‌కు కూడా అమైడ్ పట్టీలు దాదాపు అవే చోట్ల వస్తాయి. ఎఫ్‌టీఐఆర్‌లో 1240 దగ్గరి పట్టీ ఎత్తును 1450 దగ్గరి దానితో భాగించి చూడండి. ఫలితం 1కి దగ్గరగా ఉంటే మూడు పేటలు నిలిచి ఉన్నట్టు, బాగా తగ్గితే విడిపోయినట్టు.

నీచువాసన_23
0.7 వచ్చింది.

గిండీ_తోళ్లు
ఇంకో మాట. ఉప్పు వేసినప్పుడు ఎలా విడిపడింది? చెక్కుచెదరని కొల్లాజెన్ అయితే గరిట చుట్టూ పీచుమిఠాయి తీగల్లా చుట్టుకుంటుంది. జెలటిన్ అయితే జిగురు ముద్దగా అడుగుకు చేరుతుంది.

నీచువాసన_23
ముద్దగానే చేరింది. తీగలు రాలేదు. ఇప్పుడు తలచుకుంటే ఇంకో విషయం గుర్తొస్తోంది. మా సీనియర్ శీలావతి తోలుతో చేసినప్పుడు ఆమ్లంలో ముక్కలు మెల్లగా ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బి, మూడో రోజుకు గాని కలిపే అయస్కాంతం తిరగనంత చిక్కబడలేదు. నాకు మొదటి రాత్రికే సగం ముక్కలు కరిగిపోయి, ద్రావణం పలుచగా ఉండింది. తొందరగా కరిగిందని మురిసిపోయాను.

తర్నాక_తాతయ్య
తొందరగా కరిగి, పలుచగా ఉండి, 8 శాతం వచ్చింది. అంటే ఆమ్లంలో పడేసరికే తోలు సడలిపోయి ఉంది. ఫ్రిజ్ తలుపు తెరిచినంత మాత్రాన ఇంత నష్టం జరగదు. ఉష్ణమండలపు చేపల కొల్లాజెన్ కాడ్ వంటి చలి సముద్రాల చేపల దానిలా 15 డిగ్రీల దగ్గరే విడిపోదు, మన చెరువుల నీరు వేసవిలో ఉండే వేడికి తట్టుకునేటట్టే దాని ఇమినో ఆమ్లాల (ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్) పాళ్లు ఉంటాయి. పంగాసియస్‌ది 40కి కాస్త దిగువ వరకు నిలుస్తుంది. ఎక్కడో గట్టిగా వేడి తగిలింది.

గిండీ_తోళ్లు
తోళ్ల పరిశ్రమలో దీనికి ముడుత ఉష్ణోగ్రత అని ఒక కొలత ఉంది. తడి తోలును నీటిలో వేడి చేస్తూ పోతే ఒక దశలో ఉన్నట్టుండి ముడుచుకుంటుంది. శుద్ధి చేయని ఆవు తోలు 60, 65 డిగ్రీల దగ్గర ముడుచుకుంటుంది, చేప తోలు అంతకు ముందే ముడుచుకుంటుంది. క్రోముతో పదును పెట్టిన తోలు మరిగే నీటికి కూడా లొంగదు. మీరు తెచ్చిన తోలు అంచులు చుట్టుకుని, రబ్బరులా మందంగా ఉన్నాయా?

పనిలో పని, ఈ మూడు పేటల అల్లికను మొదట చెప్పింది మా గిండీలోనే. 1954 లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా కంగారూ తోక స్నాయువు మీద ఎక్స్ కిరణాలు పంపి చేసిన పని అది. కంగారూ తోక దాకా వెళ్లినవారికి మీ పంగాసియస్ తోలు దొరికి ఉంటే ఎంత సుఖపడేవారో.

నీచువాసన_23
అంచులు చుట్టుకుని ఉన్నాయి. పంగాసియస్ తోలు స్వభావమే అంత అనుకున్నాను. రేపు దుకాణానికి వెళ్లి చూసి వస్తాను.

బెంచి_నంబర్_7
ఈలోగా పెప్సిన్ ఎంజైము వేసి దిగుబడి పెంచుకోవచ్చు కదా? మా ల్యాబ్‌లో అందరూ పెప్సిన్ వేస్తారు.

కొల్లేటి_కొంగ
ఈ తోలుకు వేస్తే ఉన్నది కూడా పోతుంది. పెప్సిన్ అణువు చివరల్లో ఉండే వదులు తోకలను, వాటి దగ్గరి అడ్డు బంధాలను తెంచి కొల్లాజెన్‌ను కరిగేలా చేస్తుంది గాని, గట్టిగా పెనవేసుకున్న మూడు పేటల జోలికి పోలేదు. పేటలు విడిపోయి ఉంటే మాత్రం నమిలి వదిలిపెడుతుంది. పరీక్షగా వాడుకోవాలంటే అదే మంచి ఉపాయం. కాస్త పొడిని చల్లని ఆమ్లంలో పెప్సిన్‌తో ఒక రాత్రి ఉంచి ఎస్‌డీఎస్ పేజ్ నడపండి. పట్టీలు నిలిస్తే కొల్లాజెన్, మాయమైతే జెలటిన్.

నీచువాసన_23
దుకాణానికి వెళ్లి వచ్చాను. రహస్యం తేలిపోయింది.

అక్కడ తోళ్లు ఒలిచే కుర్రవాడు పట్టకారుతో తోలు అంచు పట్టుకుని, కత్తి చెక్క మీద పరచినట్టు ఆనించి, ఒక్క లాగుతో ఒలిచి పక్కనున్న ఐసు తొట్టిలో వేస్తున్నాడు. అంతవరకు తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను తోలు అడగగానే తొట్టిలో నుంచి తీసి, స్టవ్ మీద పొగలు కక్కుతున్న నీళ్లు ఒక మగ్గుతో ముంచి దాని మీద పోశాడు. నా కళ్ల ముందే తోలు చేతి రుమాలు నలిగినట్టు ముడుచుకుంది. ఎందుకలా చేశావని అడిగితే, మొన్న కూడా ఇలాగే కడిగి ఇచ్చానక్కా, కాలేజీకి తీసుకెళ్తారు కదా, జిగురు, నీచు ఉంటే మీ వాళ్లు ఏమైనా అంటారేమోనని అన్నాడు.

ఏమీ అనలేకపోయాను. వేడి నీళ్లు తగలని తోలు అరకిలో అడిగి, ఐసులో వేయించుకుని వచ్చాను. ఆటోలో పక్కన కూర్చున్నవారు దిగిపోయారు.

పులుసు_ప్రియ
నీచువాసన అని పేరు పెట్టుకున్నప్పుడే ఆ కుర్రవాడికి ఒక మాట చెప్పి ఉండవలసింది.

తర్నాక_తాతయ్య
కుర్రవాడి మీద కోపం పెట్టుకోకండి. కారణం చెబితే ఈసారి మీకన్నా జాగ్రత్తగా ఉంటాడు. ఇక రెండోసారికి కొన్ని మాటలు చెబుతాను. ఫ్రిజ్‌ను నమ్మకండి, థర్మోకోల్ పెట్టెలో ఐసు నింపి, పూటకు రెండుసార్లు మారుస్తూ బీకరును అందులో పెట్టండి, కరెంటు పోయినా నష్టం లేదు. క్షారం 0.1 మోలార్ దాటనివ్వకండి, తొందరపడి గాఢత పెంచితే తోలు ఉబ్బి కొల్లాజెన్ కూడా దానితో కొట్టుకుపోతుంది. డయాలిసిస్ గొట్టం వచ్చే వరకు ఆగండి. ముందు 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లానికి, తర్వాత స్వేదన జలానికి, బయటి నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క తెల్లబడనంత వరకు మార్చండి.

డీఎస్‌సీ కోసం ప్రతిసారీ బయటికి పంపనవసరం లేదు. మీ కెమిస్ట్రీ విభాగం అలమరలో చిక్కదనం కొలిచే ఆస్ట్‌వాల్డ్ విస్కోమీటర్ దుమ్ము కొట్టుకుని ఉంటుంది. పలుచని కొల్లాజెన్ ద్రావణాన్ని చలి నుంచి మొదలుపెట్టి కొన్ని డిగ్రీలకు ఒకసారి అరగంట ఆపి, జారే సమయం కొలుస్తూ పోండి. తాడు విడిపోయే కొద్దీ చిక్కదనం పడిపోతుంది. సగానికి పడిన చోటే విడిపోయే ఉష్ణోగ్రత.

ఆకివీడు_చెరువు
ఐసు కావాలంటే మా వైపు రండి, దానికి మాత్రం కొరత లేదు.

నీచువాసన_23
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. గొట్టం వచ్చింది, ఐసు పెట్టెలోనే అన్నీ చేశాను. మళ్లీ 100 గ్రాముల తోలే తీసుకున్నాను. ఈసారి ముక్కలు ఆమ్లంలో రెండో రోజుకు అద్దంలా ఉబ్బాయి, గుడ్డలో వడకట్టడానికి పొద్దంతా పట్టింది. ఉప్పు వేయగానే గిండీ గారు చెప్పినట్టు తెల్లని పోగులు గాజు కడ్డీకి చుట్టుకున్నాయి. ఫోటో తీసేలోపు మా అటెండరు వచ్చి నూడుల్స్ ఎవరు చేశారని అడిగాడు.

పొడి 4.6 గ్రాములు వచ్చింది. బూడిద దాదాపు లేదు. ఎస్‌డీఎస్ పేజ్‌లో రెండు ఆల్ఫా పట్టీలు, పైన బీటా విడివిడిగా ఉన్నాయి, 1240కి 1450కి నిష్పత్తి 0.98. విస్కోమీటర్‌లో 32 వరకు పెద్ద మార్పు లేదు, 36, 37 మధ్య సగానికి పడిపోయింది. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఆల్ఫా పట్టీలు 116 వేల డాల్టన్ల మార్కరు ప్రోటీన్‌కు కాస్త పైన ఉన్నాయి, ఆల్ఫా గొలుసు బరువు లక్ష డాల్టన్ల దగ్గర కదా ఉండాలి?

గిండీ_తోళ్లు
కంగారు పడనవసరం లేదు. కొల్లాజెన్ గొలుసులు మామూలు ప్రోటీన్ల కన్నా మెల్లగా కదులుతాయి, అందుకే మార్కర్లతో పోలిస్తే అసలు కన్నా బరువుగా కనిపిస్తాయి. థీసిస్‌లో ఆ మాట ఒక వాక్యంలో రాయండి, వైవాలో తప్పకుండా అడుగుతారు.

నీచువాసన_23
గైడు గారు మాత్రం 21 నుంచి 4.6కు పడిపోయిందని దిగులుగా ఉన్నారు.

కొల్లేటి_కొంగ
వడకట్టిన తర్వాత గుడ్డలో మిగిలిన ముక్కలను పారేశారా?

నీచువాసన_23
లేదు, ఐసులోనే ఉన్నాయి.

కొల్లేటి_కొంగ
అయితే ఇప్పుడు వేయండి పెప్సిన్. 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలో, అదే ఐసు పెట్టెలో, రెండు రోజులు. వచ్చినదాన్ని 4.6తో కలపకుండా వేరే సీసాలో పెట్టి, రెండింటికీ విడిగా దిగుబడి రాయండి, పచ్చి తూకం మీదనో ఎండు తూకం మీదనో కూడా పక్కనే రాయండి.

పులుసు_ప్రియ
ఆ కుర్రవాడికి ఆ అరకిలో తోలు ధర ఇచ్చారా?

నీచువాసన_23
తీసుకోలేదండీ. వేడి నీళ్ల మగ్గు మాత్రం నాకు చూపించి, స్టవ్ వెనకాల పెట్టాడు.